పిల్లను తోమి, ఆరబెట్టి, బోర్లించి

గోగులపాలెంలో తెలివిగల ఇల్లు ఏదని ఎవర్ని అడిగినా తన ఇంటివైపే చెయ్యి చూపిస్తారని వరాలు నమ్మకం. చెయ్యి చూపించడం నిజమే. చూపించాక జనం నోటికి కొంగు ఎందుకు అడ్డం పెట్టుకుంటారో మాత్రం ఆవిడ ఎన్నడూ ఆలోచించలేదు. తెలివిగలవాళ్ళని తలుచుకుంటే లోకానికి సంతోషం కాబోలు అనుకునేది.

ఆ ఇంట్లో ముగ్గురు. వరాలు, ఆవిడ మొగుడు గవర్రాజు, అత్త అప్పాయమ్మ. ముగ్గురికీ నియమం ఒకటే. చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి, రాసింది రాసినట్టు చెయ్యాలి. మధ్యలో సొంత బుర్ర దూర్చడం తెలివితక్కువవాళ్ళ పని. ఆమధ్య ముగ్గురూ కలిసి పట్నంలో కంటాసుపత్రికి వెళ్ళారు. గుమ్మంలో 'చెప్పులు బయట విడవండి' అని బోర్డుంది. విడిచారు. కళ్ళు చూపించుకున్నారు, చుక్కల మందు వేయించుకున్నారు, బయటికొచ్చి తమ చెప్పుల పక్కనుంచే నడిచి, ఎర్రటి ఎండలో తారురోడ్డు మీద గెంతుకుంటూ ఇంటికి చేరారు.

"మీ చెప్పులేవీ?" అని పక్కింటావిడ అడిగితే, అప్పాయమ్మ అరికాళ్ళకి వెన్న రాసుకుంటూ చెప్పింది. "విడవమని బోర్డు పెట్టారమ్మా. మళ్ళీ తొడుక్కోమని ఎక్కడా పెట్టలేదు. ముగ్గురం వెతికాం. అప్పుడే కళ్ళు కూడా బాగుచేయించుకున్నామా, ఉంటే కనపడేదే కదా."

అదీ ఆ ఇంటి తెలివి. అలాంటి ఇంట్లో పరాయి పిల్లల్ని ఉంచుకునే పని మొదలుపెట్టింది వరాలు.

ఊరి చివర జీడిపప్పు కార్ఖానా ఉంది. పొద్దున్న ఎనిమిదింటికి ఒక కూత, సాయంత్రం అయిదింటికి ఒక కూత. ఆ రెండు కూతల మధ్య ఊళ్ళో ఆడవాళ్ళంతా బల్లల ముందు వరసగా కూర్చుని పప్పు వలుస్తారు. జీడి రసం తగిలితే లేత చర్మం పొక్కిపోతుందని పసివాళ్ళని గేటు లోపలికి రానివ్వరు. మరి వాళ్ళని ఎవరు ఉంచుకుంటారు? "నేనున్నానుగా" అంది వరాలు.

మొదట వచ్చిన పిల్లాడు ఒక్కపూటే ఉన్నాడు. వాళ్ళమ్మ వెళ్తూ వెళ్తూ "మా వాడు చిచ్చరపిడుగక్కా, నేనొచ్చేదాకా కదలనివ్వకు" అంది. అంతే. వరాలు చేతులు పట్టుకుంది, గవర్రాజు కాళ్ళు పట్టుకున్నాడు, అప్పాయమ్మ తల పట్టుకుంది. మధ్యాహ్నం వాళ్ళమ్మ అన్నం పెట్టడానికి వచ్చేసరికి ముగ్గురికీ భుజాలు పడిపోయాయి గానీ పిల్లాడు మాత్రం అంగుళం కదల్లేదు. శభాష్ అంటుందనుకుంటే, వీధి వీధంతా వినపడేలా తిట్టి పిల్లాణ్ణి చంకనేసుకుని పోయింది.

వరాలు దీని గురించి రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు మొగుణ్ణి కూర్చోబెట్టి తేల్చి చెప్పింది.

"తప్పు మనది కాదయ్యా, నోటిమాటది. కదలనివ్వకు అన్నది ఆవిడే, తిట్టిందీ ఆవిడే. కాగితం మీద ఉంటే అలా మాట మార్చగలదా? ఇక మీదట ఒప్పందం రాసుకుంటేనే పిల్లని గడప దాటనిస్తాను."

"పట్నంలో దస్తావేజులు రాసే ఆయన ఉన్నాడు, రాయించుకొద్దామా?" అన్నాడు గవర్రాజు.

"ఎందుకూ? నాకు రాదా? నాలుగో తరగతి రెండుసార్లు చదివాను. రెండు నాలుగులు ఎంత?"

"ఎనిమిది."

"మరి ఎనిమిదో తరగతి చదివినదాన్ని ఒప్పందం రాయలేనా?"

గవర్రాజు మూడో తరగతి మూడుసార్లు చదివాడు. ఆ లెక్కన అతనిది తొమ్మిది. కానీ పెళ్ళాం కంటే ఎక్కువ చదివానని బయటపెట్టుకుంటే ఇంట్లో మనశ్శాంతి ఉండదని ఆ సంగతి కడుపులోనే దాచుకున్నాడు.

ఒప్పందం రాయాలంటే ముందు ఇంకో ఒప్పందం చూడాలి కదా. ఆ ఇంట్లో ఉన్న కాగితం ఒక్కటే. మావగారి పెద్దకార్యానికి గుండిగలూ గరిటెలూ అద్దెకి తెచ్చినప్పుడు సామాన్ల కొట్టువాడిచ్చిన రసీదు. దాని వెనక షరతులు అచ్చేసి ఉన్నాయి. వరాలు దాన్ని ముందేసుకుని, నాలిక బయటపెట్టి, ఒక పూటంతా రాసింది. 'సామాను' అని ఉన్న చోటల్లా 'పిల్ల' అని రాసింది. మిగతా దాని జోలికి పోలేదు. అచ్చయిన మాటని మార్చడానికి మనమెవరం? రాయడం అయ్యాక గొంతు సవరించుకుని చదివింది.

"ఒకటో షరతు. పిల్లను తూకం వేసి పుచ్చుకోవాలి, తూకం వేసి అప్పజెప్పాలి. తేడా రాకూడదు. రెండో షరతు. పుచ్చుకున్నప్పుడు పిల్ల ఏ స్థితిలో ఉన్నదో అదే స్థితిలో తిరిగి అప్పజెప్పాలి. మూడో షరతు. వాడకం అయిన తరువాత పిల్లను తోమి, ఆరబెట్టి, బోర్లించి ఉంచాలి. నాలుగో షరతు. పిల్లకు చొట్ట పడినా, పిల్ల పాడైనా, అదే రకం, అదే సైజు మరొక పిల్లను తెచ్చి ఇవ్వాలి. మరమ్మతు చేసి ఇస్తే చెల్లదు."

అప్పాయమ్మ కళ్ళు ఒత్తుకుంది. "ఎంత బాగా రాశావే కోడలా! మీ మావగారుంటే ఎంత మురిసిపోయేవారో. ఆయన పోబట్టే కదా ఈ కాగితం దొరికింది."

కాగితం తీసుకుని వరాలు నేరుగా కార్ఖానా యజమానురాలు సుభద్రమ్మగారి దగ్గరికి వెళ్ళింది. ఆవిడ కాగితం విప్పి చూడలేదు. కాగితం ఉందన్న మాటకే సగం మెత్తబడింది.

"ఒప్పందం రాసి మరీ ఉంచుకుంటావా? ఫరవాలేదే. అయితే విను వరాలూ. సోమవారం నుంచి నాలుగు రోజులు ఒక్క పిల్లని ఉంచుకో. గురువారం సాయంత్రం నేనే వచ్చి చూస్తాను. బాగుందనిపిస్తే మా దగ్గర పనిచేసే ఆడవాళ్ళ పిల్లలు పన్నెండు మందినీ నీకే అప్పజెప్పిస్తాను. మీ ఇంటి వెనకాల నా పాత గోడౌనుంది, అదీ నీకే ఇస్తాను, బడిలా నడుపుకో."

ఇంకేముంది. వరాలుకి నేల మీద కాళ్ళు ఆనలేదు. పన్నెండు చిన్న స్టీలు కంచాలు కొనేసింది. అరుగు మీద వరసగా పేర్చింది. 'వరాలు పిల్లల ఇల్లు' అని గవర్రాజు చేత గోడ మీద సున్నంతో రాయించింది. పన్నెండు మంది పిల్లలు ఆ కంచాల్లో అన్నం తింటున్నట్టు, ఊరంతా కొంగు అడ్డం పెట్టుకోకుండా తన వంక చూస్తున్నట్టు కళ్ళ ముందు కనపడింది. నాలుగంటే నాలుగు రోజులు ఒప్పందం తప్పకుండా నడిస్తే చాలు.

సోమవారం పొద్దున్న నాగవేణి పరుగెత్తుకుంటూ వచ్చింది. కార్ఖానాలో పప్పు వలిచే పిల్ల. చంకలో మూడేళ్ళ కూతురు జున్ను. నాగవేణికి ఇంట్లో ఇంకో దిక్కు లేదు. ఇప్పటికే మూడుసార్లు కూత పడ్డాక వెళ్ళింది. నాలుగోసారి ఆలస్యమైతే బల్ల దగ్గర చోటు ఇంకొకరిదే అని మేస్త్రి చెప్పేశాడు.

"వరాలక్కా, దీన్ని ఉంచుకో, నీకు పుణ్యముంటుంది."

"ముందు ఒప్పందం చదువు" అంది వరాలు, కాగితం ముందుకి చాపి.

"చదవడానికి టైము లేదక్కా, కూత పడిపోతోంది, ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పు!"

పెట్టేసి పరుగెత్తింది. చదవకుండా సంతకం పెట్టే మనుషుల్ని చూస్తే వరాలుకి జాలేసింది. ఈ ఊరికి తెలివి ఎప్పుడొస్తుందో, ఏమో.

జున్ను వచ్చేటప్పుడు గుక్కపట్టి ఏడుస్తోంది. ముక్కు కారుతోంది. ఒక కాలికి చెప్పుంది, రెండోది లేదు. వరాలు అన్నీ గుర్తుపెట్టుకుంది. నిజం చెప్పొద్దూ, వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. అప్పాయమ్మ ముక్కు తుడిచింది, వరాలు పెరుగన్నం పెట్టింది, గవర్రాజు వీపు మీద ఎక్కించుకుని ఏనుగాట ఆడించాడు. మధ్యాహ్నానికల్లా జున్ను ఇల్లెగిరిపోయేలా నవ్వుతోంది. అలా నవ్వుతూ ఉండగానే నాలుగున్నర అయింది. వరాలు కాగితం తీసి చూసుకుని గుండె మీద చెయ్యేసుకుంది.

"అయ్యో, ఏమయ్యా! పిల్ల ఏడుస్తూ వచ్చింది, ఇప్పుడు నవ్వుతోంది! రెండో షరతు గంగలో కలిసిపోయింది!"

అంతే, ముగ్గురూ జున్నుని ఏడిపించే పనిలో పడ్డారు. గవర్రాజు గుడ్లురిమాడు. జున్ను నవ్వింది. నాలిక వెళ్ళబెట్టి పులిలా గాండ్రించాడు. జున్ను చప్పట్లు కొట్టి "మల్లీ! మల్లీ!" అంది. వరాలు "నీకు రేపు అన్నం పెట్టను" అంది. "మల్లీ!" అంది జున్ను.

"అది ఏడవడం మర్చిపోయిందే. మనం ఏడ్చి చూపిస్తే గుర్తొస్తుంది" అంది అప్పాయమ్మ. అని, పోయిన మొగుణ్ణి తలుచుకుని శోకాలు మొదలెట్టింది. తల్లిని చూసి గవర్రాజుకి నిజంగానే దుఃఖం వచ్చింది. మొగుణ్ణి చూసి వరాలుకి వచ్చింది. ముగ్గురు పెద్దవాళ్ళు చుట్టూ కూర్చుని గుండెలు బాదుకుంటుంటే ఏ పిల్ల మాత్రం తట్టుకుంటుంది? జున్ను కూడా బావురుమంది. తుడిచిన ముక్కు మళ్ళీ కారింది. వరాలు కన్నీళ్ళ మధ్యే జున్ను కాలికి ఆ ఒక్క చెప్పూ తొడిగేసి, పనంతా సరిగ్గా కుదిరిందని లోపల్లోపల మురిసిపోయింది.

నాగవేణి గుమ్మంలో కొయ్యబారిపోయింది. "ఎవరు పోయారక్కా?"

"ఎవరూ పోలేదు. ఒప్పందం నిలబడింది" అంది వరాలు, వెక్కుతూ.

నాగవేణి పిల్లని ఎత్తుకుని వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. కానీ మర్నాడు మళ్ళీ తీసుకొచ్చింది. తేక ఎక్కడికి పోతుంది? గేటు దగ్గర మేస్త్రి గడియారం పట్టుకుని నిలబడి ఉంటాడాయె.

మంగళవారం పొద్దున్న వరాలు ఒప్పందం ఇంకోసారి చదువుకుంటే మూడో షరతు కనపడింది. నిన్న అసలు తోమనే లేదు! సిగ్గుతో చచ్చిపోయింది. ఇంకేముంది, గిన్నెలు తోమే చోట పీట వేసి జున్నుని కూర్చోబెట్టారు. చింతపండు గవర్రాజు తెచ్చాడు, పీచు అప్పాయమ్మ తెచ్చింది.

"బూడిద వెయ్యనా?" అన్నాడు గవర్రాజు.

"బూడిద ఇనప మూకుడికి. పిల్లకి చింతపండు చాలు, మెరుపొస్తుంది" అంది అప్పాయమ్మ. నాలుగు కాలాలు చూసిన మనిషి, ఆవిడకి తెలియని విషయం లేదు.

జున్ను ఒంటికి పూసిన చింతపండు పూసినట్టే నాకేస్తూ సంతోషంగా కూర్చుంది. కడిగారు. తలుపు రెక్క తీసి ఎండలో వేసి దాని మీద ఆరబెట్టారు. తరవాత బోర్లించాలి. బోర్లిస్తే పిల్ల లేచిపోతోంది. మళ్ళీ బోర్లించారు, మళ్ళీ లేచింది. గుండిగ అయితే బోర్లించాక నోరుమూసుకుని పడుంటుంది, మనుషుల పిల్లలకి ఆ క్రమశిక్షణ లేదు. పదిహేడుసార్లు బోర్లించాక అలసిపోయి దానంతట అదే బోర్లా పడి నిద్రపోయింది. వరాలు దాన్ని భద్రంగా తీసుకెళ్ళి వంటింటి గట్టు మీద, తోమిన గిన్నెల వరసలో, తపేలాకీ మూకుడికీ మధ్య పడుకోబెట్టింది.

అయిదింటికి నాగవేణి వచ్చి ఇల్లంతా వెతికింది.

"నా పిల్లేది?"

"గిన్నెల్లో ఉంది" అన్నాడు గవర్రాజు.

ఆ మాట వినగానే నాగవేణి పెట్టిన కేకకి గట్టు మీద తపేలా కింద పడింది, జున్ను లేచి ఏడ్చింది. "గిన్నెల మధ్య ఎందుకు పెట్టారు నా పిల్లని?"

"తడి ఆరొద్దూ?" అంది అప్పాయమ్మ. ఎంత అమాయకురాలో ఈ నాగవేణి అన్నట్టు కోడలి వైపు చూసింది.

బుధవారం. వరాలు మనసులో ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. ఒకటో షరతు ఇంతవరకూ చెయ్యలేదు. ఇంట్లో కాటా లేదు మరి. తెల్లారగానే గవర్రాజుని కిరాణా కొట్టుకి పంపి, బియ్యం తూచే కాటా అడిగి తెప్పించింది. జున్నుని కాటా సిబ్బెలో కూర్చోబెట్టారు. పదకొండు కిలోల రెండొందల గ్రాములు. బొగ్గుతో గోడ మీద రాశారు.

సాయంత్రం నాలుగున్నరకి మళ్ళీ తూచారు. పదకొండు కిలోల ఆరొందలు!

వరాలు అక్కడే చతికిలబడింది. "నాలుగొందల గ్రాములు ఎక్కువొచ్చిందయ్యా!"

"ఎక్కువ రావడం మంచిదే కదా?" అన్నాడు గవర్రాజు.

"ఏం మంచి? తేడా రాకూడదని రాశాను, తక్కువ రాకూడదని రాయలేదు. ఎక్కువొచ్చినా తేడానే! నాగవేణి చూస్తే ఏమనుకుంటుంది?"

పప్పన్నం, నెయ్యి, రెండు అరటిపళ్ళు, మధ్యాహ్నం ఒక పెద్ద గ్లాసుడు మజ్జిగ, ఇవన్నీ పిల్ల కడుపులోనే ఉన్నాయన్న ఊహ ఆ ముగ్గురిలో ఒక్కరికీ రాలేదు. ఎక్కడ పెరిగిందో వెతికారు. గాజులు తీశారు. కాళ్ళ మువ్వలు తీశారు. గౌను విప్పేశారు. కాటా ముల్లు ఇంకా మొండిగా అటే ఉంది. అప్పుడు గవర్రాజు చూపు జున్ను జుట్టు మీద పడింది. పుట్టినప్పటి నుంచీ కత్తెర తగలని జుట్టు. ఉంగరాలు తిరిగి నడుము దాకా వేలాడుతోంది.

"అంతా ఇక్కడే ఉంది వరాలూ! పొద్దున్న నుంచీ పెరిగినట్టుంది!"

అంతే. కత్తెర వచ్చింది. ఒక పాయ కత్తిరించి తూచారు. ముల్లు కదల్లేదు. ఇంకో పాయ, ఇంకో పాయ. "చూడ్డానికి ఇంతుంది గానీ వెంట్రుకలు ఇంత తేలికా! మోసం!" అని గవర్రాజు విసుక్కున్నాడు. ఆఖరికి జుట్టంతా పోయింది. ఎలకలు కొరికిన కొబ్బరిబొండంలా మిగిలింది తల. తూచారు. ఇంకా మూడొందల ఇరవై గ్రాములు ఎక్కువ. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకుంటూ ఉండగా, సిబ్బెలో కూర్చున్న జున్ను తాపీగా ఒంటేలు పోసింది. ఆ మజ్జిగంతా పోసింది. సిబ్బె అంచు దాటి బొటబొటా కారి నేల తడిసింది. ముల్లు నెమ్మదిగా వెనక్కి జరిగి, జరిగి, పొద్దుటి గీత దగ్గరికి దాదాపు వచ్చేసింది.

"వచ్చేసింది! సరిపోయింది!" అని ముగ్గురూ కేకలు పెట్టి కౌగిలించుకున్నారు. ముందే కాస్త ఆగుంటే ఆ జుట్టు తల మీదే ఉండేదన్న ఆలోచన అప్పుడూ రాలేదు, తరవాతా రాలేదు.

నాగవేణి వచ్చింది. ఈసారి కేక వెయ్యలేదు. గడప మీద కూలబడిపోయింది.

"అది మొక్కు జుట్టక్కా" అంది. "పుట్టగానే దీనికి పచ్చకామెర్లు వచ్చి చచ్చి బతికింది. మూడేళ్ళు నిండగానే కొండ మీద స్వామికి తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాను. వచ్చే శుక్రవారమే వెళ్ళాలి. మూడేళ్ళుగా ఒక్క వెంట్రుక తెగకుండా దువ్వుకుంటూ వచ్చాను."

"తూకం మాత్రం సరిపోయింది" అంది వరాలు, ఓదార్పుగా.

నాగవేణి తల ఎత్తి ఆవిడ వంక చూసింది. చూసి, కళ్ళు తుడుచుకుని లేచింది.

"రేపు కూడా దీన్ని తెస్తాను. నాకు వేరే గతి లేదు కాబట్టి తెస్తాను. రేపు సాయంత్రం అమ్మగారు వస్తారుగా, ఆవిడ ముందే అడుగుతాను. నా పిల్లని నేను ఎలా ఇచ్చానో అలా నా చేతిలో పెట్టు. పెట్టలేకపోయావో, ఆ పన్నెండు మందిలో ఒక్కళ్ళు కూడా నీ గడప తొక్కరు."

వరాలు అరుగు వైపు తిరిగింది. అరుగు మీద పన్నెండు కంచాలు తళతళా మెరుస్తున్నాయి.

గురువారం పొద్దున్న జున్ను తలకి రుమాలు కట్టుకుని వచ్చింది. వరాలు ఒప్పందం ముందేసుకుంది. గవర్రాజు మైదా ఉడికించి జిగురు చేశాడు. నిన్న తను కవర్లో దాచిన జుట్టు అతికించేద్దామన్నాడు. వరాలు అతని చేతి మీద కొట్టింది.

"నాలుగో షరతు చదువుకో. మరమ్మతు చెల్లదు. అదే రకం, అదే సైజు ఇంకో పిల్లని తెచ్చి ఇవ్వాలి."

"ఎక్కడ దొరుకుతుంది?"

"వెతికితే దొరకనిది లేదు. టేపు పట్టుకో."

ఇంకేముంది, మొగుడూ పెళ్ళాం టేపు పట్టుకుని ఊరి మీద పడ్డారు. ఒక వాకిట్లో పిల్ల రెండంగుళాలు పొట్టి. ఇంకో వాకిట్లో పిల్లకి సైజు సరిపోయింది గానీ మగపిల్లాడని తేలింది. మూడో ఇంటి ముందు గవర్రాజు పిల్ల అరికాలు నుంచి నడినెత్తికి కొలుస్తూ "ఇది ఖాళీగా ఉందా, ఎవరికైనా ఇచ్చేశారా?" అని అడిగితే, వాళ్ళ నాయనమ్మ చీపురు తిరగేసింది. ఉత్త చేతులతో, వాచిన వీపులతో ఇంటికొచ్చారు. నాలుగయింది. వరాలుకి కళ్ళంట నీళ్ళు తిరిగాయి. నాలుగు రోజుల కష్టం, పన్నెండు కంచాలు, గోడ మీద సున్నం అక్షరాలు, అన్నీ ఇంకో గంటలో పోతాయి.

సరిగ్గా అప్పుడే సుభద్రమ్మగారు వచ్చింది. భుజం మీద మూడేళ్ళ మనవరాలు హంసిని. దారిలోనే నిద్రపోయింది.

"ఏమే వరాలూ, దీన్ని కాస్త ఇక్కడ పడుకోబెట్టుకో. మీ పెరడూ నూతి గట్టూ గోడౌనూ చూసొస్తాను" అని పిల్లని వరాలు చేతుల్లో పెట్టి, గవర్రాజుని వెంటబెట్టుకుని పెరట్లోకి వెళ్ళింది.

వరాలు పిల్లని చాప మీద పడుకోబెట్టింది. అలా చూస్తూ నిలబడిపోయింది. నల్లటి జుట్టు. ఉంగరాల జుట్టు. చెయ్యి దానంతట అదే టేపు మీదకి పోయింది. అరికాలు నుంచి నడినెత్తి దాకా కొలిచింది. ముప్ఫై ఆరంగుళాలు. అరుగు మీద కంచాలు మోగిస్తున్న జున్నుని కొలిచింది. ముప్ఫై ఆరంగుళాలు!

"అత్తా! దేవుడున్నాడు!"

"ఉంటాడే, మనలాంటి వాళ్ళ ఇళ్ళల్లోనే ఉంటాడు" అంది అప్పాయమ్మ.

కూత పడింది. నాగవేణి వచ్చింది. వరాలు ఎదురెళ్ళి, నిద్రపోతున్న హంసినిని ఆమె చేతుల్లో పెట్టింది.

"ఇదిగోనమ్మా, నాలుగో షరతు. అదే రకం, అదే సైజు. నీదానికంటే కొత్తది. జుట్టు లాగి చూసుకో, ఊడదు."

నాగవేణి పిల్ల మొహం చూసింది. "అక్కా... ఇది అమ్మగారి మనవరాలు."

"పాతది మాత్రం ఇక్కడే ఉంటుంది. మార్పిడిలో పాతది వదిలెయ్యాలి" అంది వరాలు, జున్ను రుమాలు సవరిస్తూ.

పెరటి గుమ్మంలో సుభద్రమ్మగారు నిలబడి ఉంది. మొత్తం విన్నది. ఆవిడ వేసిన కేకకి హంసిని ఉలిక్కిపడి లేచి కెవ్వుమంది.

"ముందు నా మనవరాలిని నాకిచ్చెయ్యి! ఎలా ఇచ్చానో అలా ఇచ్చెయ్యి!"

నాగవేణి పిల్లని ముందుకు చాపింది. వరాలు చటుక్కున మధ్యలో అందుకుంది.

"ఆగండమ్మగారూ. మీరిచ్చినప్పుడు నిద్రపోతోంది. ఇప్పుడు మేలుకుని ఉంది. ఇలా ఎలా ఇస్తాను? రెండో షరతు ఒప్పుకోదు."

"ఏం షరతే?"

"అరవకండమ్మగారూ" అన్నాడు గవర్రాజు, నోటి మీద వేలేసుకుని. "మీరు అరిస్తే పిల్ల నిద్రపోదు, పిల్ల నిద్రపోకపోతే మీకే ఆలస్యం."

అంతే. ముగ్గురూ హంసినిని ఒళ్ళో వేసుకుని గుండ్రంగా కూర్చున్నారు. వరాలు జోకొట్టింది, అప్పాయమ్మ లాలి ఎత్తుకుంది, గవర్రాజు విసనకర్ర అందుకున్నాడు. హంసిని గుక్కపట్టింది. వాళ్ళు ఇంకా మెల్లగా, ఇంకా తీయగా పాడారు. ఊరంతా టేపు పట్టుకు తిరిగిన అలసట, చీపురు దెబ్బలు, విసనకర్ర గాలి. ముందు అప్పాయమ్మ తల వాలింది. తరవాత గవర్రాజు గురక మొదలుపెట్టాడు. ఆఖరికి వరాలు, 'పిల్ల నిద్రపోయింది, ఇక అప్పజెప్పొచ్చు' అనుకుంటూనే కళ్ళు మూసింది. నిద్రపోయింది ఎవరో ఆవిడకి తెలియలేదు. ఒళ్ళో హంసిని ఏడుపు ఆపి, నిద్రపోతున్న ముగ్గుర్నీ విచిత్రంగా చూస్తూ కూర్చుంది. పక్కనుంచి జున్ను "మల్లీ! మల్లీ!" అంది.

సుభద్రమ్మగారు మనవరాలిని ఎత్తుకుంది. నేల మీద పడున్న ఒప్పందం తీసి, నాలుగు షరతులూ అప్పుడు చదివింది.

"దీని కింద సంతకం నీదేనా నాగవేణీ? చదవకుండా ఎలా పెట్టావే?"

"కూత పడిపోతుందని పెట్టేశానమ్మగారూ. మరి మీరు చదివారా?"

సుభద్రమ్మగారు కాగితం మడిచి చేతిసంచీలో పడేసుకుంది. శుక్రవారం పొద్దున్న కార్ఖానా ఆవరణలోనే, జీడి రసం వాసన తగలని మూల ఒక గది ఖాళీ చేయించింది. ఉయ్యాలలు కట్టించింది. పిల్లల్ని ఎత్తుకోవడానికి ఒక ముసలావిణ్ణి పెట్టింది. ఆవిడకి చదవడం రాదు, రాయడం రాదు. ఏడిస్తే ఎత్తుకుంటుంది, ఆకలేస్తే పెడుతుంది, అంతకుమించి ఏ షరతూ ఎరగదు. నాగవేణి బల్ల దగ్గర చోటు నిలిచింది. ఆమె గవర్రాజు దగ్గర కవర్లో ఉన్న జుట్టు తీసుకెళ్ళి కొండ మీద హుండీలో వేసొచ్చింది. స్వామి కాటా తెమ్మనలేదు.

ఆ శుక్రవారమే వరాలు పొద్దున్నే లేచి అరుగు మీద కూర్చుంది. కూత పడింది. పన్నెండు కంచాలు వరసగా ఉన్నాయి. ఒక్క పిల్లా రాలేదు. వరాలు ఒక గంట ఆలోచించింది. మొహం విప్పారింది.

"ఏమయ్యా, ఇప్పుడు తెలిసింది తప్పెక్కడుందో. ఒప్పందంలో ఏ లోపమూ లేదు. లోపమంతా పిల్లల్లో ఉంది. నవ్వుతారు, తింటారు, ఒంటేలు పోస్తారు, బోర్లిస్తే లేస్తారు. పిల్లలు లేకుండా నడిపితే ఒక్క షరతైనా తప్పుతుందా?"

"తప్పదు" అన్నాడు గవర్రాజు.

"తప్పే ప్రసక్తే లేదు" అంది అప్పాయమ్మ.

ఇంకేముంది. కాటా ఇంకా తిరిగివ్వలేదాయె, పన్నెండు కంచాలనీ తూకం వేసి పుచ్చుకున్నారు. ఎండెక్కాక చింతపండు పెట్టి తోమారు. తలుపు రెక్క మీద ఆరబెట్టారు. బోర్లించారు. ఒక్క కంచం లేవలేదు. నాలుగున్నరకి మళ్ళీ తూచారు. గ్రాము తేడా లేదు! ముగ్గురూ ఆనందబాష్పాలు తుడుచుకుని, కంచాల్ని ఒళ్ళో పెట్టుకుని, గుమ్మంలో వరసగా కూర్చున్నారు.

అయిదింటి కూత పడింది. వీధిలో ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని కబుర్లు చెప్పుకుంటూ వెళ్ళిపోయారు. ఒక్కరూ అటు తిరగలేదు. అయిదున్నరయింది. ఆరయింది.

వరాలు చేతిలో కంచాన్ని నిమురుతూ వీధి చివరిదాకా చూసి, పెదవి విరిచింది.

"ఎంత బాధ్యత లేని మనుషులో చూడత్తా. పొద్దుగూకుతున్నా, వీటిని తీసుకెళ్ళడానికి వీటి అమ్మలు ఒక్కరూ రాలేదు."